జెర్రిపోతును తెలుసుకుందాం



మీవారి జ్వరం కోసమో, కాన్పు కోసమో, ఆపరేషన్ కోసమో మీరు ఆసుపత్రికి వచ్చి వరండాలో కూర్చొని ఉండవచ్చు. ఇలాంటప్పుడు పాము గురించిన పాఠం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. అయితే వానాకాలంలో పెద్ద ఆసుపత్రులలో తరచుగా కనిపించే ఒక దృశ్యం ఉన్నది. అర్ధరాత్రి వేళ ఒక కుటుంబం రోగిని చేతుల మీద మోసుకొని వస్తుంది. "పాము కరిచింది సార్" అంటారు. డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న: "ఎన్ని గంటలకు?" రెండవ ప్రశ్న: "ఇంతసేపు ఎక్కడ ఉన్నారు?" ఈ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులలో ఒకటి ఇది: "జెర్రిపోతే కదా, ఏమీ కాదన్నారు సార్."

జెర్రిపోతుకు విషం లేదన్న మాట నిజమే. కానీ కరిచినది జెర్రిపోతే అని ఎవరు చూశారు? చీకట్లో ఎలా గుర్తుపట్టారు? ఈ పాఠంలో జెర్రిపోతు జీవితాన్ని గురించి తెలుసుకుందాం. దానిని అనవసరంగా చంపకుండా ఉండటానికి ఈ జ్ఞానం అవసరం. దాని పేరు చెప్పుకొని ఒక ప్రాణాన్ని పోగొట్టుకోకుండా ఉండటానికి ఇంకా ఎక్కువ అవసరం.

1. మన బస్తీకి పాము ఎందుకు వస్తుంది?

యాకుత్‌పురా అనగానే ఇరుకు గల్లీలు, ఒకదానికొకటి ఆనుకొని ఉన్న ఇండ్లు, ఎం.ఎం.టి.ఎస్. రైలు ఆగే స్టేషను గుర్తుకు వస్తాయి. ఇంత జనం మధ్యకు పాము ఎలా వస్తుందని చాలామంది ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు హైదరాబాదు నగరం చుట్టూ ఉన్న ప్రాకారానికి యాకుత్‌పురా దర్వాజా అనే ద్వారం ఉండేది. పక్కనే ఉన్న తలాబ్‌కట్ట పేరులోనే చెరువుకట్ట ఉన్నది. చెరువులు పోయి ఇండ్లు వచ్చాయి గాని నీరు మాత్రం తన పాత దారిని మరువలేదు. వాన గట్టిగా కురిస్తే నాలాలు పొంగి గల్లీలలోకి వస్తాయి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు పాతబస్తీలో ఎన్నో కాలనీలు నీట మునిగిన సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది.

నాలా గట్టు, రైలు పట్టాల పక్కనున్న పొదలు, కూలిన పాత గోడలు, చెత్తకుప్పలు, ఇవన్నీ ఎలుకలకు, పందికొక్కులకు నివాసాలు. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. జెర్రిపోతు తనకై తాను బొరియ తవ్వుకోదు. ఎలుక తవ్విన బొరియలోనే దాక్కుంటుంది. ఆ బొరియలోకి నీరు వస్తే అది కూడా మనలాగే పొడి చోటు వెదుక్కుంటూ బయటికి వస్తుంది. అది మన మీద పగబట్టి రాలేదు. దాని ఇల్లు మునిగింది, అంతే.

2. జెర్రిపోతు ఎలా ఉంటుంది?

దీనిని కొన్ని ప్రాంతాలలో జెర్రిగొడ్డు అని కూడా అంటారు. పాతబస్తీలో ఉర్దూ మాట్లాడేవారు ధామన్ అంటారు. మన దేశంలో సుమారు 300 రకాల పాములు ఉన్నాయి. వాటిలో మనుషుల మధ్య తరచుగా కనిపించే పెద్ద పాము ఇదే. ఎదిగిన జెర్రిపోతు సాధారణంగా ఐదారు అడుగుల పొడవు ఉంటుంది. ఎనిమిది అడుగులు దాటినవి కూడా ఉంటాయి. రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పసుపు కలిసిన గోధుమ రంగు, బూడిద రంగు, ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు, ఇలా పలు రకాలుగా ఉంటుంది.

దాని కళ్ళు పెద్దవి, కంటిపాప గుండ్రంగా ఉంటుంది. మెడ సన్నగా ఉండి తల విడిగా కనిపిస్తుంది. పెదవుల మీది పొలుసుల అంచులకు నల్లని గీతలు ఉంటాయి. శరీరం వెనుక భాగంలోను తోక మీద నల్లని అడ్డ చారలు ఉంటాయి. పడగ ఉండదు. పగటిపూట తిరుగుతుంది. చాలా వేగంగా పాకుతుంది, చెట్లు, గోడలు ఎక్కుతుంది, నీటిలో ఈదుతుంది.

మనిషిని చూస్తే దాని మొదటి ఆలోచన పారిపోవడమే. దారి లేకుండా మూలకు తరిమితే మాత్రం మెడను ఉబ్బించి, గుర్రుమన్నట్టు శబ్దం చేసి, కాటు వేస్తుంది. ఈ ఉబ్బిన మెడను చూసి చాలామంది నాగుపాము పడగ అనుకొని కర్ర తీసుకుంటారు. అమెరికాలోనూ ఎలుకలు తినే విషం లేని పాములు ఉన్నాయి. అవి భయపడినప్పుడు ఎండుటాకులలో తోకను గబగబా ఆడిస్తాయి. ఆ చప్పుడు విని అక్కడివారు విషసర్పమనుకొని చంపుతారు. దేశం వేరైనా కథ ఒకటే. బెదిరించి బ్రతుకుదామనుకున్న జీవి ఆ బెదిరింపు వల్లనే చస్తున్నది.

3. అది ఏమి తింటుంది?

ఎలుకలు, పందికొక్కు పిల్లలు, కప్పలు, తొండలు, బల్లులు, చిన్న పక్షులు దాని ఆహారం. దానికి విషపు కోరలు లేవు. కొండచిలువలాగా చుట్టుకొని ఊపిరి ఆడకుండా చంపే అలవాటు కూడా లేదు. దొరికిన ఎలుకను దవడలతో గట్టిగా పట్టుకొని, తన శరీరంతో నేలకు అదిమి, తల వైపు నుండి మింగుతుంది.

ఈ పని మన ఆరోగ్యానికి ఎంత మేలో ఆలోచించండి. ఆడ ఎలుక మూడు వారాల గర్భంతో అరడజనుకు పైగా పిల్లలను కంటుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలలలోనే తిరిగి ఈనడానికి సిద్ధమవుతాయి. ఎలుకల మూత్రం కలిసిన వాన నీటిలో పుండ్లున్న కాళ్ళతో నడిచేవారికి లెప్టోస్పైరోసిస్ అనే ఎలుకల జ్వరం రావచ్చు. అది ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు చెడిపోతాయి. ఇక పందికొక్కు సంగతి మనకు కొత్త కాదు. ఇంగ్లీషువారు వాడే బాండికూట్ అనే మాట మన తెలుగు పందికొక్కు నుండి వెళ్ళినదే. పునాదుల కింద బొరియలు తవ్వే ఆ పందికొక్కు పిల్లలను బొరియలోకే వెళ్ళి తినగలిగే జీవులు ఎక్కువ లేవు. జెర్రిపోతు అలాంటి జీవి.

4. గుడ్లు, పిల్లలు, పోరు

ఆడ జెర్రిపోతు ఎండాకాలం, వానాకాలం మధ్య రోజులలో బొరియలలోను, ఆకుల గుట్టల కిందను గుడ్లు పెడుతుంది. ఒకసారికి సుమారు 6 నుండి 14 గుడ్లు ఉంటాయి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. అప్పటికి వాటి పొడవు ఒక అడుగు పైచిలుకు. పుట్టిన రోజు నుండే తమ తిండి తామే వెదుక్కోవాలి. ఎదిగే కొద్దీ కుబుసం విడుస్తాయి. గద్దలు, నెమళ్ళు, ముంగిసలు, నాగుపాములు వాటిని తింటాయి. అందుచేత పుట్టినవాటిలో కొద్ది మాత్రమే పెద్దవవుతాయి.

రెండు పెద్ద పాములు ఒకదానినొకటి పెనవేసుకొని నిలువుగా లేవడం మీలో కొందరు చూసి ఉంటారు. అది సయ్యాట అనుకొని, కొన్నిచోట్ల దాని మీద కొత్త బట్ట వేసి దాచుకుంటారు. నిజానికి చాలాసార్లు అవి రెండు మగ జెర్రిపోతులు. ఆడపాము కోసం బలం చూసుకుంటూ ఒకదాని తలను ఒకటి నేలకు వంచాలని పోరాడుతాయి. కరుచుకోవు. ఓడినది తన దారిన వెళ్ళిపోతుంది. అలాంటప్పుడు బట్ట పట్టుకొని దగ్గరకు వెళ్ళడం మంచిది కాదు. చూసేవారు దూరం నుండి చూడాలి.

5. మనలో ఉన్న కొన్ని నమ్మకాలు

"జెర్రిపోతు మగది, నాగుపాము ఆడది" అంటారు. పోతు అనే మాట వల్ల ఈ నమ్మకం బలపడి ఉంటుంది. ఇది నిజం కాదు. రెండూ వేరు వేరు జాతులు. జెర్రిపోతులలో ఆడ, మగ ఉన్నాయి. నాగుపాములలోనూ ఆడ, మగ ఉన్నాయి. నాగుపాము అవకాశం దొరికితే జెర్రిపోతును మింగుతుంది కూడా.

"జెర్రిపోతు ఆవు కాళ్ళకు చుట్టుకొని పాలు తాగుతుంది" అంటారు. పాముకు పాలు పీల్చే పెదవులు లేవు, పాలు దాని ఆహారమూ కాదు. పశువుల కొట్టంలోకి అది వచ్చేది ఎలుకల కోసం. "దాని తోక తగిలితే ఒళ్ళు కుళ్ళిపోతుంది" అనే మాట కూడా భయంతో పుట్టినదే. దాని తోకలో ఏ విషమూ లేదు.

"జెర్రిపోతు ఉన్నచోట నాగుపాము ఉండదు" అనేది మరొక మాట. దీనిని నమ్మి ధైర్యంగా ఉండకండి. రెండింటికీ ఎలుకలే ఆహారం. జెర్రిపోతు మీ ఇంటి దగ్గరికి వచ్చిందంటే అక్కడ ఎలుకలు ఉన్నాయని అర్థం. ఎలుకలు ఉన్నచోటికి రేపు నాగుపాము కూడా రావచ్చు. కాబట్టి జెర్రిపోతును ఒక హెచ్చరికగా తీసుకోండి.

6. పోలికతో మోసపోకండి

ఇక్కడ ఈ పాఠంలోని ముఖ్యమైన సంగతి వస్తుంది. మన ప్రాంతంలో ప్రాణాలు తీసే పాములలో ముఖ్యమైనవి నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. వీటిలో ప్రతిదానికీ విషం లేని పామును పోలిన రూపం ఉన్నది, లేదా చీకట్లో అలా కనిపిస్తుంది.

పడగ విప్పని నాగుపాము పాకుతూ పోతుంటే జెర్రిపోతులాగే ఉంటుంది. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకొని చేతితో పట్టుకొని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారు ఉన్నారు. అన్నింటికంటె మోసకరమైనది కట్లపాము. మన ఇండ్లలో బల్లుల కోసం రాత్రిపూట గోడలెక్కే ఒక చిన్న పాము ఉంటుంది. ఇంగ్లీషులో దానిని వుల్ఫ్ స్నేక్ అంటారు. దానికి విషం లేదు. ముదురు శరీరం మీద తెల్లని అడ్డ చారలు ఉంటాయి. కట్లపాముకూ అలాంటి చారలే. చిన్న పాములో ఆ చారలు మెడ దగ్గర బాగా కనిపించి తోక వైపు మాసిపోతాయి. కట్లపాములో మెడ దగ్గర తక్కువగా ఉండి తోక వైపు స్పష్టమవుతాయి. పట్టపగలు, తీరికగా చూసినా ఈ తేడా తెలుసుకోవడం కష్టం. ఇక నిద్రలో నుండి లేచి, సెల్‌ఫోన్ వెలుగులో, పిల్లల ఏడుపుల మధ్య ఎవరు గుర్తుపట్టగలరు?

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. కొందరికి కరిచిన గుర్తు కూడా కనబడదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. తరువాత ఊపిరి ఆగిపోతుంది. వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి ఉదయం కారణం తెలియకుండా ఇలా అయితే, పామును ఎవరూ చూడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి.

గనుక ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. దూరంగా పోతున్న పామును చూసినప్పుడు "జెర్రిపోతు, పోనివ్వండి" అనవచ్చు. కరిచిన పాము విషయంలో మాత్రం ఆ మాట ఇంట్లోవారు అనకూడదు.

7. మంత్రం పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది?

"మా మామయ్యకు పాము కరిస్తే మంత్రం వేయించాం, బ్రతికాడు" అని చెప్పేవారు మీకు కనబడతారు. వారు అబద్ధం చెప్పడం లేదు. మనుషులను కరిచే పాములలో ఎక్కువ భాగం జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేనివే. విషసర్పం కూడా కొన్నిసార్లు కాటు వేసి విషం వదలదు. అలాంటి రోగి మంత్రం వేసినా బ్రతుకుతాడు, పసరు పోసినా బ్రతుకుతాడు, ఏమీ చేయకపోయినా బ్రతుకుతాడు. ఆ పేరు మాత్రం మంత్రగాడికి వస్తుంది. ఆ పేరు విని నిజమైన కట్లపాము కాటు తిన్నవారు కూడా అక్కడికే వెళతారు. బ్రతికినవాడు నలుగురికీ చెబుతాడు. చనిపోయినవాడు చెప్పలేడు.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్కకట్టారు. అంటే ఏటా సగటున 58,000 మంది. వీరిలో దాదాపు 70 శాతం మంది ఎనిమిది రాష్ట్రాలవారు. ఆ ఎనిమిదింటిలో తెలంగాణ కలిసి ఉన్న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు వరకు ఉన్న నెలలలోనే జరిగాయి. మందు ఉన్న జబ్బుకు ఇంతమంది చనిపోవడం విచారకరం. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక ప్రణాళికను ప్రకటించింది. ఆ ప్రణాళిక నెరవేరాలంటే రోగి సమయానికి ఆసుపత్రికి చేరాలి. అది కుటుంబం చేతిలో ఉన్నది.

8. పాము కరిస్తే ఏమి చేయాలి?

- రోగికి ధైర్యం చెప్పి పడుకోబెట్టండి. నడిపించకండి, పరుగెత్తించకండి.
- ఉంగరాలు, గాజులు, కడియాలు, గట్టి బట్టలు వెంటనే తీసివేయండి. వాపు వచ్చిన తరువాత అవి రావు.
- కరిచిన చేతిని లేదా కాలిని, ఎముక విరిగినప్పుడు కట్టినట్లు చెక్క ముక్కతో వదులుగా కట్టి, కదలకుండా ఉంచండి.
- 108కి ఫోన్ చేయండి. పాతబస్తీ ఇరుకు గల్లీలలోకి అంబులెన్సు రాలేకపోతే రోగిని మోసుకొని పెద్ద రోడ్డు మీదికి చేర్చండి.
- కరిచిన సమయం జ్ఞాపకం పెట్టుకోండి. డాక్టరుగారికి చెప్పండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. బ్లేడుతో కోయకండి. నోటితో పీల్చకండి. తాడుతో బిగించి కట్టకండి. ఎవరైనా ఇప్పటికే గట్టిగా కట్టి ఉంటే ఇంట్లో ఒక్కసారిగా విప్పకండి, ఆసుపత్రిలో విప్పుతారు. ఐసు, సున్నం, పసరు పెట్టకండి. సారా, నాటు మందులు తాగించకండి. పామును వెంటాడి పట్టి తేవలసిన అవసరం లేదు. అలా వెళ్ళి రెండవ మనిషి కూడా కాటు తిన్న సందర్భాలు ఉన్నాయి. దూరం నుండి ఫోటో దొరికితే మంచిదే, దొరకకపోతే దాని కోసం ఆగవద్దు.

9. ఆసుపత్రిలో డాక్టరుగారిని ఎలా అర్థం చేసుకోవాలి?

"ఇంజెక్షన్ వెంటనే ఎందుకు వేయలేదు?" అని కుటుంబసభ్యులు ఆందోళన పడుతుంటారు. పాము విషానికి విరుగుడు మందును గుర్రాల రక్తం నుండి తయారుచేస్తారు. అది పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది. అయితే కొందరి శరీరానికి అది పడదు, తీవ్రమైన రియాక్షన్ వస్తుంది. అందుచేత విషం ఎక్కిన లక్షణాలు కనిపించినప్పుడే దానిని ఇస్తారు.

లక్షణాలు తెలుసుకోవడానికి కొద్దిగా రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదల్చకుండా ఉంచుతారు. అది గడ్డకట్టకపోతే పింజర విషం పనిచేస్తున్నదని గ్రహిస్తారు. ఈ పరీక్షను మళ్ళీ మళ్ళీ చేస్తారు. కనురెప్పలు, ఊపిరి, వాపు, మూత్రం గమనిస్తూ ఉంటారు. కొన్ని విషాలు గంటల తరువాత గాని బయటపడవు గనుక రోగి బాగున్నట్టు కనిపించినా ఒక రోజు ఉంచుతారు. అప్పుడు "ఏమీ లేదు కదా, తీసుకొని పోతాం" అని తొందరపడకండి. చివరికి విషం లేని పామేనని తేలితే గాయం శుభ్రం చేసి, ధనుర్వాతం రాకుండా టి.టి. ఇంజెక్షన్ ఇచ్చి పంపుతారు. ఆ ఒక్క రోజు వృథా అయినట్టు కాదు. ఆ రోజు మీరు మనిషిని కాపాడుకున్నారు.

10. ఇంటి దగ్గర జాగ్రత్తలు

చెత్త, ఇటుకలు, కట్టెలు గోడకు ఆనించి పేర్చకండి. తలుపుల కింది సందులు, మోరీ రంధ్రాలు జాలీతో మూయండి. మిగిలిన అన్నం బయట పడవేయకండి, ఎలుకలు వస్తాయి. వీలైతే మంచం మీద పడుకోండి. నేల మీద పడుకోక తప్పకపోతే దోమతెరను పరుపు కిందికి చెక్కండి. రాత్రి బయటికి వెళ్ళేటప్పుడు టార్చి, చెప్పులు మరువకండి. చెప్పులు దులిపి తొడగండి.

ఇంట్లోకి పాము వస్తే పిల్లలను బయటికి పంపి, ఆ గది తలుపు మూసి, దూరం నుండి దాని మీద కన్నుంచండి. కొట్టబోతే కాటు తినే ప్రమాదం ఉంది. అటవీశాఖకు గాని, హైదరాబాదులో 1995 నుండి పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గాని తెలియజేస్తే శిక్షణ పొందినవారు వచ్చి పామును పట్టుకొని తగిన చోట వదులుతారు. జెర్రిపోతును చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని కూడా తెలుసుకోండి. పిల్లలకు పాములను చూపించాలనుకుంటే బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కుకు తీసుకొని వెళ్ళండి. అద్దం వెనుక ఉన్న పామును చూసి నేర్చుకున్న పిల్లవాడు గల్లీలో పామును చూసినప్పుడు రాయి తీసుకోడు, దగ్గరికీ పోడు. పెద్దలను పిలుస్తాడు.

ముగింపు

జెర్రిపోతు మనకు శత్రువు కాదు. మన ఎలుకలను తిని, మన కంట పడకుండా బ్రతకాలని కోరుకునే జీవి. దానిని పోనివ్వండి. కానీ ఎవరినైనా ఏ పాము కరిచినా, దాని పేరు ఏదైనా, తీర్పు ఇంట్లో చెప్పకండి. ఆసుపత్రిలో డాక్టరుగారిని చెప్పనివ్వండి.

ఈ పాఠం చదివిన తరువాత ఇంట్లోవారితో కలిసి ఆలోచించండి:

1. జెర్రిపోతు మన ఇంటి దగ్గరికి రావడానికి కారణమైన వస్తువులు మన వాకిట్లో ఏమేమి ఉన్నాయి?
2. జెర్రిపోతును నాగుపాము అని ఎందుకు పొరబడతాం?
3. నేల మీద పడుకున్న మనిషి ఉదయం కనురెప్పలు ఎత్తలేకపోతే మనం ఏమి చేయాలి?
4. మంత్రం వల్ల బ్రతికాడని చెప్పే పొరుగువారికి మర్యాదగా ఏమని వివరిస్తాం?
5. అర్ధరాత్రి అవసరమైతే రోగిని మన గల్లీ నుండి పెద్ద రోడ్డుకు ఎవరు మోస్తారు, ఏ ఆసుపత్రికి వెళతాం? ఈ ప్రశ్నకు జవాబు ఈ రోజే నిర్ణయించుకోండి.